కంటికి కాపలా ఏదీ?

మాఘ ఫాల్గుణాలు వచ్చాయంటే గుంటూరు గాలికి ఘాటెక్కుతుంది. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు దించుతుంటే రోడ్డున పోయేవారికీ తుమ్ములు ఆగవు. పల్నాడు నుంచి ప్రకాశం దాకా కల్లాల నిండా పంట ఎర్రగా ఆరుతుంటుంది. తాలుకాయలు ఏరే ఆడకూలీలు ముక్కూ నోరూ మూసుకుపోయేలా కొంగు బిగిస్తారు. కళ్ళకు మాత్రం ముసుగు వేసుకోలేరు. కాయ రంగు పోల్చాల్సింది కన్నే కదా! సరిగ్గా ఈ వారాల్లోనే పెళ్ళి ముహూర్తాలూ ముంచుకొస్తాయి. కళ్ళజోడున్న పిల్లకు సంబంధం తప్పిపోతుందేమోనన్న బెంగతో ఎన్నో ఇళ్ళలో జోడు బీరువాలోకి, కాంటాక్ట్ లెన్సు కంట్లోకి చేరుతున్నాయి. ఎక్కడ కొన్నారని అడిగితే కళ్ళజోళ్ళ దుకాణమనో, ఫోనులో ఆర్డరు పెట్టామనో, అలంకరణకు వచ్చిన పార్లరు అమ్మాయి తెచ్చిందనో చెబుతారు. కన్ను పరీక్షించి, కొలత తీసి, పెట్టుకోవడం తీయడం దగ్గరుండి నేర్పి ఇచ్చారన్న జవాబు వినపడటమే అరుదు.

చట్టం దృష్టిలో కాంటాక్ట్ లెన్సు గాజులూ తిలకమూ వంటి అలంకార సామగ్రి కాదు. అది వైద్య పరికరం. వైద్య పరికరాల నిబంధనలు-2017 మరుసటి ఏడాది జనవరి 1న అమల్లోకి వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధ చట్టం పరిధిలోకి చేరాయి. వాటిని అమ్మేవారు రాష్ట్ర లైసెన్సింగ్ అధికారి వద్ద నమోదు కావాలంటూ 2022 సెప్టెంబరులో సవరణ వచ్చింది. అలా మూడు కంచెలు కట్టారు. మూడూ గెజిట్‌లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. బజారులో మాత్రం పవరు అంకె చెప్పగలిగితే లెన్సు చేతికొస్తోంది. పవరు లేని రంగు లెన్సుకు ఆ అంకె చెప్పే పనీ లేదు. డాక్టరు చీటీ ఏదని అడిగే నాథుడు లేడు. బిల్లుమీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ రాసిచ్చే దుకాణాన్ని వెతుక్కోవాల్సి వస్తోంది. పొలానికి కంచె వేసి కాపలా మరచిన ఆసామికి పంట ఎంత దక్కుతుందో ఈ నేలమీద ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నల్లగుడ్డు మీద అద్దంలా పరచుకున్న కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు ఉండవు. కన్నీటి పొర ద్వారా బయటి గాలి నుంచే అది ప్రధానంగా ప్రాణవాయువు తీసుకుంటుంది. ఆ పొరకూ గాలికీ మధ్య కూర్చునేదే లెన్సు. రెప్పలు మూసి నిద్రపోతే అందే గాలి మరింత తగ్గుతుంది. ఒరుసుకున్న చోట పైపొర బలహీనపడి సూక్ష్మజీవికి దారి ఇస్తుంది. అమెరికాలో 1989లో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనం ఈ ముప్పును లెక్కగట్టింది. పగలు పెట్టుకుని రాత్రికి తీసేసే మెత్తటి లెన్సులు వాడేవారిలో ఏటా పదివేల మందికి నలుగురు కార్నియా పుండ్ల పాలయ్యారు. నిద్రలోనూ కంట్లోనే ఉంచుకునే తరహా లెన్సులు వాడేవారిలో ఆ సంఖ్య 20 దాటింది. ఈ అంకెల్లో ఊరటా ఉంది, హెచ్చరికా ఉంది. నియమంతో వాడితే లెన్సు కంటికి శత్రువు కాదు. నియమం సడలితే ముప్పు ఐదింతలవుతుంది. ఆ నియమాన్ని నేర్పకుండా సరుకు మాత్రం అంటగట్టడం వ్యాపారం అనిపించుకోదు, ద్రోహం అనిపించుకుంటుంది.

నియమం అంటే వాడేవారి శుభ్రత ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2006 నాటి అనుభవం ప్రపంచానికి ఆ పాఠం చెప్పింది. లెన్సులు వాడేవారి కళ్ళలో ఫ్యుజేరియం అనే బూజు పుండ్లు పెడుతోందని ఆ ఏడాది ఆరంభంలో సింగపూర్ వైద్యులు పసిగట్టారు. తరవాత అమెరికాలోనూ కేసులు బయటపడ్డాయి. అక్కడ నిర్ధారణ అయిన 164 మందిలో 55 మందికి కార్నియా మార్పిడి చేయాల్సి వచ్చింది, లేదా తప్పదని తేలింది. దారి వెతుక్కుంటూ వెళ్తే అది బాష్ అండ్ లాంబ్ సంస్థ తయారుచేసిన రెన్యూ మాయిశ్చర్‌లాక్ అనే లెన్సు ద్రావణం దగ్గర తేలింది. మే 15న ఆ సంస్థ దాన్ని ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. మూత తీయని సీసాల్లో బూజు దొరకలేదు. లెన్సుల డబ్బీలో మిగిలిన పాత ద్రావణంమీదే కొత్తది పోసే అలవాటుకు, ఆవిరయ్యేకొద్దీ బూజును ఆపలేకపోయిన ద్రావణం గుణం తోడైంది. ఏడాది తిరిగేసరికి, 2007 మేలో, అకాంతమీబా అనే నీటిజీవి వల్ల వచ్చిన పుండ్లతో ముడిపడిన మరో సంస్థ ద్రావణమూ బజారు నుంచి వెనక్కి వెళ్ళింది. కేసులను లెక్కపెట్టే యంత్రాంగం, మూలాన్ని వెదికే ప్రయోగశాల, సరుకును వెనక్కి రప్పించే అధికారం మూడూ ఉన్నాయి గనుకే ఆ దేశాల్లో గండం గట్టెక్కింది. అలాంటిదే రేపు నరసరావుపేటలోనో ఒంగోలులోనో తలెత్తితే గుర్తించేదెవరు? ఏ దుకాణం ఏ బ్యాచ్ అమ్మిందో చెప్పే కాగితమే లేనప్పుడు దేన్ని వెనక్కి రప్పిస్తారు?

ఈ ప్రశ్న మన మైదానాలకు మరింత సూటిగా తగులుతుంది. మిరప, పత్తి చేలల్లో నిలువునా ఎండిపోయే మొక్కను చూసి రైతు ఎండు తెగులు అంటాడు. దాని వెనక ఉన్నదీ ఫ్యుజేరియం ప్రజాతి బూజే. సింగపూర్‌లో లెన్సు వెంట వచ్చి కళ్ళు తిన్న తెగకు బంధువులు మన మట్టిలో, దుమ్ములో, ఎండుకట్టెలో కాపురం ఉంటున్నాయి. గుంటూరు వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1991 నుంచి 2000 వరకు తనవద్ద తేలిన బూజు పుండ్ల కేసులను సమీక్షించింది. మొత్తం 1,352 మంది. వారిలో సగానికి మించి కంటికి దెబ్బ తగిలినవారే. పదింట ఆరుగురికి పైగా 16 నుంచి 49 ఏళ్ళ మధ్యవారు, అంటే ఇల్లు నడిపే వయసువారు. అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన బూజు ఫ్యుజేరియం. అవి ప్రధానంగా దెబ్బ తెచ్చిన పుండ్లే తప్ప లెన్సు తెచ్చినవి కావు. కానీ పత్తి కట్టె గీరితే తెరుచుకునే తలుపునే మురికి లెన్సు కూడా తెరుస్తుంది. గడపలోనే శత్రువున్న ఇంటికి గొళ్ళెం ఇంకా బిగుతుగా ఉండాలి. మనం ఆ తలుపు తెరిచే లెన్సునే అంగట్లో రంగురంగులుగా అమ్ముకుంటున్నాం.

ఈ నిర్లక్ష్యం కంటి దుకాణంలో మొదలవలేదు. సలహా చెప్పాల్సినవాడి స్థానంలో సరుకు అమ్మేవాడు కూర్చోవడం ఈ ప్రాంతానికి పాత జబ్బే. చేలో పురుగు పడితే రైతు ఆకు తుంచుకుని వ్యవసాయాధికారి దగ్గరకు వెళ్ళడు, పురుగుమందుల కొట్టుకు వెళ్తాడు. కొట్టువాడు ఏ డబ్బా చూపిస్తే అదే మందు, ఎంత అంటే అంతే మోతాదు. 2021-22లో నల్ల తామరపురుగు మిరపను ఊడ్చేసినప్పుడు రైతులు మందు మీద మందు కొట్టి అప్పుల్లో కూరుకుపోవడం మనం కళ్ళారా చూశాం. అదే కొట్టు సంస్కృతి ఇప్పుడు కంటిమీదికి వచ్చింది. లెన్సు వాడుతున్న కన్ను ఎర్రబడితే మందుల షాపే ఆసుపత్రి. అక్కడ చేతిలో పెట్టే చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు రెండు రోజుల్లో తగ్గినట్లే ఉంటుంది. లోపల బూజు పుండు మాత్రం అడ్డూ ఆపూ లేకుండా తవ్వుకుపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు షెడ్యూల్ హెచ్ మందులు, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. పల్లెల్లో ఇంకా చనుబాలు పిండేవారు, ఆకు పసరు పోసేవారు, నాలుకతో నలుసు తీసేవారు ఉన్నారని చదువుకున్నవాళ్ళు నవ్వుతుంటారు. చీటీ లేని స్టెరాయిడ్ చుక్క ఆ పసరుకు పట్నవాసపు రూపం, అంతే.

నిజానికి బూజు పుండుకు మందు లేక కాదు. నటామైసిన్ చుక్కలు ఉన్నాయి. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి భాగస్వామిగా 323 మంది రోగులమీద జరిగి 2013లో ఫలితాలు వెలువడిన పరీక్షలో, ఖరీదైన వోరికొనజోల్ కంటే అవే మెరుగని తేలింది. కావలసింది సమయానికి సరైన పరీక్ష. ఆ సమయాన్నే కొట్టు వైద్యం మింగేస్తోంది. పుండు మానినా మిగిలే తెల్లమచ్చను మన ఊళ్ళలో కంట్లో పువ్వు అంటారు. పేరులోని అందం బతుకులో ఉండదు. 2015-19 జాతీయ అంధత్వ సర్వేలో యాభై ఏళ్ళలోపు వారి అంధత్వానికి ఈ కార్నియా మచ్చలే మొదటి కారణమని, మూడో వంతుకు పైగా వాటివల్లేనని తేలింది. శుక్లం ఎక్కువగా ముసలితనంలో వస్తుంది, శస్త్రచికిత్సతో చూపు తిరిగివస్తుంది. పువ్వు పడిన కుర్రవాడు మాత్రం దాత కార్నియా కోసం వరసలో నిలబడాలి.

ఇక వాడేవారి సంగతి. కాలేజీ హాస్టళ్ళలో రోజూ కనిపించే దృశ్యమే చూద్దాం. రాత్రి పదకొండు దాటింది. స్టడీ అవరు ముగించుకున్న అమ్మాయి వరండా చివరి కుళాయి దగ్గర నిలబడి చూపుడువేలితో లెన్సు తీస్తోంది. పండుమిర్చి పచ్చడి కలుపుకుని అన్నం తిన్న వేలే అది. నీళ్ళతో కడిగింది. ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్ళలో సరిగా కరగదని, సబ్బుతో రుద్దితే తప్ప వదలదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. డబ్బీలో నిన్నటి ద్రావణం ఉంది. పారబోస్తే వృథా అని దానిమీదే నాలుగు చుక్కలు కొత్తది పోసింది. సీసా అడుగంటిన రోజు కుళాయి నీళ్ళే దిక్కు. డబ్బీ అంచున పట్టిన జిగురు ఆ మసక వెలుతురులో కనిపించదు. తెల్లవారి ఆరింటికి అదే లెన్సు మళ్ళీ కంట్లోకి. పరీక్షల వారమైతే తీయకుండానే నిద్ర. ఇందులో అడుగడుగునా తప్పుంది. ఆ తప్పులన్నీ ఆమెవేనా? పెట్టెమీద సూచనలు చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషులో ఉన్నాయి. అమ్మినవాడు నోరు విప్పలేదు. అన్నీ తెలిసిన దేశాల్లోనూ మనుషులు మనుషులే. లెన్సులు వాడేవారిలో నూటికి 99 మంది ఏదో ఒక ప్రమాదకరమైన అలవాటు ఉందని ఒప్పుకున్నట్లు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2015లో ప్రకటించింది. మనిషి పొరపాటు చేస్తాడని ముందే ఎరిగి అడ్డుకట్టలు కట్టడానికే ప్రభుత్వం ఉన్నది.

ప్రభుత్వాలు కంటిని పట్టించుకోలేదనడం న్యాయం కాదు. తెలంగాణలో 2018 ఆగస్టులో, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటి వెలుగు పథకాలు మొదలయ్యాయి. బడి పిల్లలకు పరీక్షలు చేసి కళ్ళజోళ్ళు పంచారు. మెచ్చదగిన పనే. జోడు చేతికిచ్చి ఫొటో దిగడంతో బాధ్యత తీరిపోదన్నదే మన ఫిర్యాదు. దృష్టిలోపం తేలిన పిల్ల నాలుగేళ్ళలో కాలేజీకొచ్చి లెన్సు వైపు చూస్తుంది. అప్పుడు ఆమెకు దారి చూపేవారు లేరు. ఆ దారి చూపాల్సిన ఆప్టోమెట్రిస్టులను క్రమబద్ధం చేసేందుకు పార్లమెంటు 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. మూడేళ్ళు గడిచినా అది కదలకపోవడంతో 2024 ఆగస్టులో సుప్రీంకోర్టే కేంద్ర, రాష్ట్రాలకు రెండు నెలల గడువు విధించాల్సి వచ్చింది. కన్ను పరీక్షించేవారికి అర్హత ఏమిటో తేల్చే చట్టానికే కోర్టు ఊతకర్ర కావలసి వస్తే, పరీక్ష లేకుండా అమ్మేవాడికి భయమెక్కడ ఉంటుంది?

వ్యాపారులు రెండు వాదాలు వినిపిస్తారు. కొనేవాడిదే బాధ్యత అన్నది ఒకటి. చీటీ తప్పనిసరి చేస్తే పల్లె పిల్లలకు లెన్సే అందదన్నది మరొకటి. మొదటిదానికి జవాబు సులభం. నకిలీ విత్తనం కొన్న రైతుదే తప్పని ఈ జిల్లాల్లో ఎవరైనా అనగలరా? సరుకు గురించి తెలిసినవాడిదే మొదటి బాధ్యత. రెండో వాదంలో కొంత నిజం ఉంది, దాన్ని గౌరవించాల్సిందే. ఎక్కువ పవరు ఉన్నవారికి, కార్నియా శంకువులా సాగిపోయే జబ్బు ఉన్నవారికి లెన్సు సోకు కాదు, అవసరం. మాచర్ల, గిద్దలూరు వైపు పల్లెల నుంచి గుంటూరో ఒంగోలో వచ్చి పరీక్ష చేయించుకోవాలంటే ఓ రోజు కూలి పోతుంది. అయితే దూరానికి విరుగుడు పరీక్షను రద్దు చేయడం కాదు, పరీక్షను దగ్గరికి తేవడం. శిక్షణ పొందిన సహాయకులతో పల్లెల్లో విజన్ సెంటర్లు నడపవచ్చని ఎల్వీ ప్రసాద్ సంస్థ తెలుగు నేలమీదే చేసి చూపింది. స్వేచ్ఛా విపణికి పెట్టింది పేరైన అమెరికా సైతం 2005లో చట్టం చేసి, పవరు లేని రంగు లెన్సును కూడా చీటీ ఉంటేనే అమ్మే వైద్య పరికరాల్లో చేర్చింది. అక్కడ వ్యాపారం ఆగిపోలేదు.

సమాజం కూడా బోనెక్కాలి. మందపాటి జోడు పెట్టుకున్న పిల్లను సోడాబుడ్డి అని పిలిచి నవ్వింది మనమే. పెళ్ళిచూపుల్లో జోడు తీయించి కూర్చోబెట్టిందీ మనమే. ఒకే జత రంగు లెన్సులను ఈ పెళ్ళిలో ఒకరికి, మరో పెళ్ళిలో ఇంకొకరికి పెట్టే అలంకరణకు డబ్బు చెల్లిస్తున్నదీ మనమే. 2024 జులైలో ఢిల్లీలో ఓ కార్యక్రమానికి లెన్సులు పెట్టుకున్న నటి జాస్మిన్ భసీన్ కార్నియా దెబ్బతిని కళ్ళకు కట్లతో కనిపించినప్పుడు దేశమంతా రెండు రోజులు మాట్లాడుకుంది. తారకు గంటల్లో వైద్యుడు దొరికాడు. కల్లం పక్కనున్న ఇంట్లో ఆ గంటలు రోజులవుతాయి, చూపు ఆ రోజుల్లోనే జారిపోతుంది.

చేయాల్సింది కొండంత లేదు. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో లెన్సులు, ద్రావణాలు అమ్ముతున్నదెవరో, వారిలో నమోదైనవారెందరో ఔషధ నియంత్రణ శాఖ బహిరంగంగా ప్రకటించాలి. చీటీ, బ్యాచ్ నంబరుతో బిల్లు, తెలుగులో సూచనల కాగితం లేకుండా లెన్సు చేతులు మారకూడదు. ఆన్‌లైన్ అంగళ్ళకూ అదే కట్టుబాటు ఉండాలి. స్టెరాయిడ్ చుక్కలను చీటీ లేకుండా అమ్మే షాపులపై చర్య మాటలతో ఆగకూడదు. లెన్సుకు సంబంధించిన ప్రతి కార్నియా పుండునూ ఆసుపత్రులు నమోదు చేసి జిల్లా అధికారులకు తెలపాలి. జూనియర్ కాలేజీల్లో ఏడాదికొకసారి, ఒక్క గంట, ఒక్క పాఠం చాలు: సబ్బుతో కడిగి తుడుచుకున్న చేతులు, రోజూ కొత్త ద్రావణం, మూడు నెలలకో కొత్త డబ్బీ. లెన్సుకు నీళ్ళు తగలకూడదు, లెన్సుతో నిద్ర కూడదు. మిరప కోతకు, మందు పిచికారికి వెళ్ళేటప్పుడు లెన్సు తీసి జోడు పెట్టాలి. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోతే వెంటనే లెన్సు తీసేసి, దాన్నీ డబ్బీనీ వెంట తీసుకుని అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

యార్డులో ఒక టిక్కీ మిర్చి అమ్ముడుపోవాలంటే మచ్చు తీస్తారు, తేమ చూస్తారు, కాటా వేస్తారు, పట్టీ రాస్తారు. కంట్లో పెట్టే లెన్సుకు ఆపాటి పరీక్ష లేదు, ఆపాటి పట్టీ లేదు. బస్తా మిరపకాయలకు ఇచ్చిన విలువ బిడ్డ కంటికి ఇవ్వని పాలన ఈ జిల్లాలకు జవాబు చెప్పి తీరాలి.